రేవు పద్దు

మా సలాదివారి లంక పంటు మీద టిక్కెట్లు కోసేది నేనే.
మనిషికి పది, సైకిలుకి అయిదు,
మేకకి ఎంతో ఇప్పటికీ తేలలేదు.
ప్రతి దాటింపుకీ ఎక్కిందెందరో దిగిందెందరో
గీతల పుస్తకంలో రాయాలి. పాటదారుడి నియమం.
ఏడేళ్లలో ఒక్కసారే లెక్క తప్పింది.

శ్రావణం. ఎర్రనీరు. రాత్రి పన్నెండున్నర.
అవతలి గట్టు మీద నూటెనిమిది వచ్చి ఆగింది.
దాని నీలిదీపం తిరుగుతూనే ఉంది,
చీకట్లో తాళంచెవి పారేసుకున్నవాడి బ్యాటరీ లైటులా.
గెడ్డం ఎస్తేరు పంటు బల్లల మీద వెల్లకిలా.
మొగుడు తలవైపు, తల్లి కాళ్లవైపు.
ఆశా కార్యకర్త రత్నకుమారి చీర అడ్డం పట్టింది.
నేను మొహం నీళ్లవైపు తిప్పుకుని
సరంగుని తిడుతూ నిలబడ్డాను,
తిట్టడం తప్ప చేసేదేం లేక.
నడి ఏట్లో, ఇసుక మేట దగ్గర, ఏడుపు.
ఎవరిదని అడగలేదు.
ఒడ్డున ఆ నీలిదీపం కిందే పుస్తకం తెరిచి రాశాను:
ఎక్కింది నలుగురు. దిగింది అయిదుగురు.

ఆ పేజీనే మంగతాయారు గారు అడిగి పట్టుకెళ్లారు.
మా ఎమ్మెల్యే. ఓట్లప్పుడు వచ్చినవాళ్లలో
చెప్పులు చేత్తో పట్టుకుని
బురదలోకి దిగింది ఆవిడొక్కర్తే.

టీకొట్టు పళ్లాలు ఫోనులో సభ పెట్టాడు.
సిగ్నలుంటే మంత్రి, పోతే గోదారి.
కుటుంబ సంక్షేమం ఆయన లేచాడు:
"కాన్పులు నూటికి తొంభైతొమ్మిది ఆసుపత్రిలోనే, అధ్యక్షా."
"ఆ మిగిలినొకటీ మాదేనండి, ఆయ్" అన్నాడు పళ్లాలు గ్లాసు కడుగుతూ.
"ఆసుపత్రి దాకా తేవడం మాత్రం రవాణా వారి బాధ్యత."
రవాణా ఆయన లేచాడు:
"ప్రతి బస్సులో ముందు సీటు గర్భిణులకే కేటాయించాం.
నీళ్ల మీద నడిచేది మా పరిధిలోకి రాదు, అధ్యక్షా."

"నీళ్ల మీద నడిచింది ఏసుప్రభువొక్కడే, అధ్యక్షా.
మా ఆడకూతుళ్లు మామూలు మనుషులు."

సభ నవ్వింది. ఆవిడ నవ్వలేదు.
నవ్వు అయిపోయేదాకా కళ్లజోడు తుడుచుకుని అడిగింది:
"పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు
కుట్లు ఆరకుండానే పంటు మీంచి ఒడ్డుకి గెంతుతున్నారు.
మీ పోస్టరు మీద అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ
చేతులు పట్టుకుని నవ్వుతుంటారు.
ఆ బొమ్మలో వాళ్లు ఇంటికి ఎలా చేరారు?"

తర్వాత నా పేజీ ఎత్తింది.
కాగితాలు చూపకూడదన్నారు పైనుంచి.
దించేసి, చూడకుండానే చదివింది:
"ఎక్కింది నలుగురు. దిగింది అయిదుగురు.
ఆ అయిదో మనిషి ఏ శాఖ కింద వస్తుంది?"

"ప్రశ్న ఉత్పన్నం కాదు."

సిగ్నలు పోయింది. గోదారి వచ్చింది.
"ఉత్పన్నం అంటే ఏంటన్నా?" అడిగింది ఎస్తేరు.
"పుట్టడం" అన్నాను.
ఒళ్లో పిల్ల వంక చూసుకుంది,
కొంగు సర్దింది, ఇంకేం అడగలేదు.

మూడు వారాలకి ప్రభుత్వం కదిలింది.
రాత్రి పడవ రాలేదు. నా పేర కాగితం వచ్చింది:
ఫలానా తేదీ దాటింపులో ఒక ప్రయాణికురాలు
టిక్కెట్టు లేకుండా దిగినట్టు సభ దృష్టికి వచ్చినందున
తగు సంజాయిషీ.

పది రూపాయలు కట్టాను.
రసీదు మీద ప్రయాణికురాలి పేరు రాయమన్నాడు గుమస్తా.
పిల్లకింకా పేరు పెట్టలేదు.
ఖాళీ వదిలాను.

ఆ రసీదు కూడా మంగతాయారు గారు అడిగారు.
మళ్లీ సభ కార్తీకంలోనట.
అప్పటికి ఏరు తీసేస్తుంది,
మోకాలి లోతులో నడిచి దాటొచ్చు,
నిండు నెలల మనిషి కాకపోతే.